కౌంటరు అనుభవం రాతకెక్కాలి



విజయనగరంలో సాహిత్య సభ జరిగితే వాడుక భాష మాట రాకుండా పోదు. ‘కన్యాశుల్కం’ 1892లో రంగమెక్కింది ఈ ఊళ్లోనే. 1897లో అచ్చయిన ఆ నాటకాన్ని గురజాడ అప్పారావు 1909 నాటికి దాదాపు కొత్తగా రాసి మళ్లీ అచ్చువేయించారు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించి వాడుక భాష పక్షాన వాదించారు. ఆయనతో కలిసి పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టారు. ఈ ఇద్దరి పేర్లూ ఇప్పుడు కంప్యూటరు ఫాంట్ల జాబితాలోకీ చేరాయి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన ‘గిడుగు’, ‘గురజాడ’ ఫాంట్లను గూగుల్ ఫాంట్స్ నుంచి ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. దించుకున్నాక పేజీలో వత్తులు విడిపోయి కనిపిస్తే ఎవరిని అడగాలి? ఈ సభ ముందున్న విషయం అదే.

నిన్నటిదాకా అడిగింది డీటీపీ సెంటరు కుర్రాణ్ణి, గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటును, ఇంజినీరింగ్ చదివే మేనల్లుణ్ణి. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన దగ్గర్నుంచి చాలామంది ఫోన్లోని ఏఐని అడగడం మొదలుపెట్టారు. అది విసుక్కోదు, ఎన్నిసార్లు అడిగినా చెబుతుంది. ఒక్కోసారి ఆ సాఫ్ట్‌వేర్‌లో లేని మెనూ పేరు కూడా అంతే ధీమాగా చెబుతుంది. ఈ లోపాన్ని తగ్గించడానికి వచ్చిన ఏర్పాట్లలో ‘స్కిల్’ ఒకటి. ఆంత్రొపిక్ సంస్థ 2025 అక్టోబరులో దీన్ని తన ఏఐ అయిన క్లాడ్ కోసం తెచ్చింది. డిసెంబరులో ఇతరులూ వాడుకునేందుకు వీలుగా బహిరంగ ప్రమాణంగా విడుదల చేసింది.

పేరు గంభీరంగా ఉన్నా వస్తువు చిన్నది. స్కిల్ అంటే ఒక ఫోల్డరు, అందులో ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. ఫైలు మొదట్లో దాని పేరు, అది ఏ సందర్భంలో పనికొస్తుందో చెప్పే వివరణ ఉంటాయి. ఆ కింద చేయవలసిన పని వరసగా ఉంటుంది. ఏఐ మొదట పేర్లూ వివరణలూ మాత్రమే చూసుకుంటుంది. అడిగిన ప్రశ్నకు ఏదైనా సరిపోతుందనుకుంటే ఆ ఫైలు పూర్తిగా చదువుతుంది. ఇంకా అవసరమైతేనే ఫోల్డరులోని మిగతా పత్రాలనూ చిన్న ప్రోగ్రాములనూ తెరుస్తుంది. చాలా స్కిల్స్‌లో ప్రోగ్రాము ఉండదు, వచనమే ఉంటుంది. ఆ వచనం ఎవరు రాయాలన్నది సాహిత్య సభ అడగదగ్గ ప్రశ్న.

మొదటి ఉదాహరణగా పలాస-కాశీబుగ్గ సంగతి చూడాలి. జీడిపిక్క తొక్కలోని నూనె చర్మాన్ని తినేస్తుంది. ఏళ్ల తరబడి పిక్కలు కొట్టి పప్పు తీసిన వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. అలాంటి మనిషి ఈకేవైసీ కోసం సచివాలయానికి వచ్చి మెషిన్ మీద వేలు పెడుతుంది. పచ్చ దీపం వెలగదు. “వేలు పడ్నేదు బావూ, ఏటి సెయ్యాల?” అని అడుగుతుంది. సందర్భం తెలియని ఏఐకి ఇదే ప్రశ్న వేస్తే స్కానరు అద్దం తుడవమంటుంది, వేలు కడుక్కుని మళ్లీ పెట్టమంటుంది, నెట్ ఉందో లేదో చూసుకోమంటుంది. ఒక్కటీ తప్పు సలహా కాదు. ఆమెకు మాత్రం ఒక పూట కూలి పోతుంది.

కౌంటరు అవతల కూర్చున్నవారు ముందు స్క్రీన్ మీద వచ్చిన ఎర్రర్ నంబరు చూస్తారు. ఆధార్ ధ్రువీకరణలో 300 వస్తే వేలిముద్ర రికార్డుతో కలవలేదని అర్థం. 330 వస్తే ఆ మనిషి బయోమెట్రిక్స్‌కు లాక్ వేసి ఉందని అర్థం. ఆధార్ యాప్‌లోనో, ఆధార్ వెబ్‌సైటులోనో ఆ లాక్ తీసేదాకా పది వేళ్లూ మార్చి మార్చి పెట్టినా ఫలితం ఉండదు. 811 వస్తే ఆ రకం బయోమెట్రిక్ ఆధార్ సంస్థ రికార్డులోనే లేదు, ఆధార్ కేంద్రానికి వెళ్లి నమోదు చేయించుకోవాలి. బయటికి కనిపించేది మూడుసార్లూ ‘ఫెయిల్’ అన్న మాటే. చేయవలసినవి మూడు వేర్వేరు పనులు.

300 దగ్గర కూడా అనుభవం ఇంకో మెట్టు ముందుంటుంది. ఏ వేలి గీతలు బాగున్నాయో కనిపెట్టే ‘బెస్ట్ ఫింగర్’ పరీక్ష ఒకటుంది. జీడి పని చేసేవారికి అదీ అక్కరకు రాకపోతే, ఆ సేవకు అనుమతి ఉన్నదాన్ని బట్టి ఐరిస్, ముఖ గుర్తింపు, ఓటీపీ అనే దారులున్నాయి. ఓటీపీ పంపేముందు ఆధార్‌కు లింకైన నంబరు ఎవరి చేతిలో ఉందో అడగాలి. ఉద్దానం తీరం నుంచి వేటకు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లిన ఇంటాయన ఫోనుకు అది లింకై ఉంటే, ఓటీపీ నేరుగా అక్కడికి పోతుంది. ఆయన సముద్రం మీద ఉంటే గడువులోగా చూసుకోలేడు. ఎర్రర్ నంబర్ల అర్థాలు ఆధార్ సంస్థ పత్రాల్లో దొరుకుతాయి. జీడి కార్మికురాలి దగ్గర ఏది ముందు అడగాలి, ఏది అడిగి ప్రయోజనం లేదు అన్న వరస మాత్రం కౌంటరు దగ్గరే తయారైంది.

రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలయ్యాయి. రాష్ట్ర ప్రభుత్వ ‘మన మిత్ర’ 2025 జనవరి 30న తొలి విడతగా 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. సేవలు ఫోన్లోకి వచ్చేకొద్దీ కౌంటరులో మనిషిని అడిగే ప్రశ్నలు యంత్రం వైపు మళ్లుతాయి. కౌంటరులో పోగైన తెలివి వాటితోపాటు యంత్రానికి చేరడం లేదు.

రెండో ఉదాహరణ రచయితలకు మరీ దగ్గరిది. ఉత్తరాంధ్రలో ఇరవై ఏళ్ల కిందట వచ్చిన ఏ కథా సంపుటి సాఫ్ట్ కాపీ అయినా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉండే అవకాశమే ఎక్కువ. యూనికోడ్ 1991లో తొలి సంచికలోనే తెలుగుకు చోటిచ్చినా, పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. అప్పటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చుకుని పని నడిపాయి. అందుకే ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెరిస్తే కథ బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఫైలు పాడైపోయిందనుకుని పారేసినవారూ ఉంటారు. పాడైంది ఏమీ లేదు. ఏ ఫాంటులో కొట్టారో ముందు తేల్చుకుని, దానికి సరిపడే కన్వర్టరుతో మార్చి, వత్తులూ అంకెలూ కొటేషన్ గుర్తులూ అసలు ప్రతితో పోల్చి చూసుకుంటే పుస్తకం తిరిగి చేతికొస్తుంది.

మార్చిన పాఠాన్ని ఇన్‌డిజైన్‌లో పోస్తే మరో చిక్కు. అక్షరాలు అతుక్కోవు, వత్తులు పక్కకు జరుగుతాయి. ఫాంటు మార్చమని ఎవరైనా చెబుతారు. చాలాసార్లు అసలు కారణం పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో ఉంటుంది. అక్కడ మామూలు కంపోజర్ బదులు ‘వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’ ఎంచుకుంటే తెలుగు కుదురుగా కూర్చుంటుంది. ఇక ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ‘ట్’ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. కన్వర్టరు దాన్ని మింగేస్తే ‘వ’ కూడా వత్తుగా మారి ముందరి అక్షరానికి చేరి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. కంప్యూటరుకు ఈ రెండూ వేర్వేరు మాటలు కాబట్టి ఒకటి వెతికితే రెండోది దొరక్కపోవచ్చు. ఈ కిటుకులు తెలిసిన డీటీపీ ఆపరేటర్లు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. వాటిని రాసిపెట్టమని వారిని అడిగినవారు అరుదు.

యంత్రానికి నిపుణుడి తెలివిని ఎక్కించే ప్రయత్నం కొత్తది కాదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జాన్ మెక్‌డెర్మట్ 1978లో ఎక్స్‌కాన్ అనే ప్రోగ్రాము తయారీ మొదలుపెట్టారు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అమ్మే వాక్స్ కంప్యూటరులో ఏ భాగానికి ఏది జతపడుతుందో అది తేల్చిచెప్పేది. వందల నియమాలతో మొదలైన ఎక్స్‌కాన్ వేల నియమాలకు పెరిగింది. కొత్త మోడలు వచ్చినప్పుడల్లా నియమాలు మార్చడమే పెద్ద కొలువైపోయింది. నిపుణుడి తలలోని తెలివిని బయటికి రాబట్టడమే ఈ విద్యకు అడ్డుపడే ఇరుకు దారి అని ఆ రోజుల్లోనే ఏఐ పరిశోధకుడు ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ గుర్తించారు. 

ఎక్స్‌కాన్ నియమాలు ప్రోగ్రాము భాషలో ఉండేవి. స్కిల్‌ను తెలుగులో రాయొచ్చు, కాబట్టి దారి కొంత వెడల్పయింది. పాత జబ్బు మాత్రం పోలేదు. యాప్ అప్‌డేట్ అయిన మర్నాడే మెనూ పేరు మారుతుంది, రాసిన స్కిల్ తప్పుదారి పట్టిస్తుంది. ఏ వెర్షన్ చూసి రాశారో, ఏ తేదీన సరిచూశారో పైన లేని స్కిల్‌ను నమ్మడానికి లేదు. అపరిచితుల దగ్గర తెచ్చుకున్న స్కిల్‌తో ఇంకో ప్రమాదం ఉంది. అందులో ఎవరైనా దొంగ ఆదేశం దూర్చితే ఏఐ దాన్ని కూడా పాటించవచ్చు. ఆధార్ నంబరు చాట్‌లో రాయించుకునే స్కిల్, ఓటీపీ అడిగే స్కిల్ ఎంత బాగా పనిచేసినా పక్కన పెట్టాల్సిందే.

యంత్రం ఎక్కడ ఆగి మనిషికి అప్పగించాలో కూడా స్కిల్‌లోనే రాయాలి. సీతంపేట ఏజెన్సీలో ఈ అవసరం బాగా తెలుస్తుంది. 2022 ఏప్రిల్ 4న శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన ఆ కొండల్లో సవరలు ఉంటారు. గిడుగు సవరల భాష నేర్చుకుని, సొంత డబ్బుతో బడులు పెట్టి, 1931లో సవర భాషా వ్యాకరణాన్నీ 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువునూ వెలువరించారు. మంగేయి గొమాంగో 1936లో సవర భాషకు రూపొందించిన సొరాంగ్ సోంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. అయినా ఏఐ నేర్చుకునేందుకు సవరలో ఉన్న పాఠం చాలా తక్కువ. సవర మాత్రమే వచ్చిన వృద్ధురాలు ప్రశ్న వేస్తే, ఊహించి జవాబు చెప్పవద్దనీ, సవర తెలిసిన ఉద్యోగిని పిలవమనీ స్కిల్ చెప్పాలి.

ఈ సభ చేపట్టదగ్గ పని చిన్నదే. మూడు చిక్కులు ఎంచుకుంటే చాలు: వేలిముద్ర పడకపోవడం, పాత ఫాంట్ల ఫైళ్లు, ఆధార్‌లో ఒకలా భూమి కాగితంలో ఒకలా ఉన్న పేర్లు. ఒక్కో చిక్కుకూ ఇద్దరు కూర్చోవాలి, రోజూ ఆ పని చేసేవారొకరు, రాయగలిగినవారొకరు. వివరణలో ‘ప్రామాణీకరణ వైఫల్యం’తోపాటు జనం అనే ‘వేలు పడ్నేదు’, ‘ఓటీపీ రానేదు’ కూడా ఉండాలి. రాసినదాన్ని వేరే మండలంలో పనిచేసే మనిషికిచ్చి, పక్కన ఎవరూ లేకుండా చేసి చూడమనాలి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ తిరగరాయాలి. తయారైనదాన్ని ఎవరైనా వాడుకునేలా, మార్చుకునేలా ఉచిత లైసెన్సుతో వదలాలి. ఆరు నెలలకోసారి సరిచూసే బాధ్యత ఎవరిదో కూడా ఇక్కడే తేల్చుకోవాలి.

మధ్యాహ్నం గోష్ఠిలో 300, 330, 811 ఎర్రర్లపై తొలి ముసాయిదా చర్చకు వస్తుంది. అందులో సచివాలయ ఉద్యోగులూ డీటీపీ ఆపరేటర్లూ ముందు మాట్లాడతారు, రచయితలు తర్వాత.