కంప్యూటరు లిఖితములు - వాని ప్రతులు



తాళపత్రములపై వ్రాసికొను కాలమున గ్రంథము గలవారికి రెండు భయము లుండెడివి: చెదలు, అగ్ని. రెంటికిని మందు ఒక్కటియే. లేఖకునిచేత మఱియొక ప్రతి వ్రాయించి వేఱొక యింట నుంచుట. పందొమ్మిదవ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో పండితులను, లేఖకులను జీతమిచ్చి నిలిపి, ఒక్కొక్క కావ్యమునకు దొరకినన్ని ప్రతులు తెప్పించి, సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. నేడు లేఖకుని పని కంప్యూటరు చేయుచున్నది. ఒక గ్రంథాలయమునకు సరిపడు పుస్తకములు గోరంత బిళ్లయందు నిలుచుచున్నవి. కాని చెదలు తినుటకు ఏండ్లు పట్టును. డిస్కు చెడుటకు నిమిషము చాలును. చెదలు తినగా మిగిలిన ఆకులనైన చదువుకొనవచ్చును. చెడిన డిస్కునుండి తఱచుగా ఒక్క అక్షరమైనను రాదు.

కావున ప్రతి యుంచుకొనవలయును. దీనినే బ్యాకప్ అనుచున్నారు. మూలము నశించినపుడు దానితోపాటు నశింపని చోట నుండి, మఱల మూలమును నిలబెట్టుటకు పనికివచ్చు ప్రతి యనియే ఈ మాటకు అర్థము. ఇందు మూడు విధములు ముఖ్యమైనవి. ఒక ఉదాహరణముతో వీనిని వివరించెదను.

ఒక ముద్రణాలయమున్నదనుకొందము. దాని కంప్యూటరులో పుస్తకములు, చిత్రములు, లెక్కలు అన్నియు కలిసి 200 జీబీల సమాచారము కలదు. దినమునకు 2 జీబీల మేర క్రొత్తది చేరుటయో, పాతది మాఱుటయో జరుగుచుండును. యజమాని జాగరూకుడై ప్రతిదినము రాత్రి మొత్తమునకు ప్రతి తీయించెనేని, అది పూర్ణప్రతి. ఇంతకన్న సులభమైనది, నమ్మదగినది లేదు. మూలము పోయిననాడు కడపటి ప్రతి యొక్కటి తెచ్చికొనిన చాలును. అయితే వారము తిరుగునప్పటికి 1,400 జీబీల చోటు కావలసివచ్చును. మాఱని సమాచారమునే ఏడు మాఱులు వ్రాయుట వృథావ్యయము.

అందువలన రెండవ విధము పుట్టెను. ఆదివారము పూర్ణప్రతి తీసి, సోమవారమునుండి ఏనాటికానాడు మాఱినదానిని మాత్రమే తీయుదురు. దీనికి ఇంక్రిమెంటల్ అని పేరు. మనము దినవృద్ధి ప్రతి అనుకొందము. దినమునకు 2 జీబీల చొప్పున ఆఱు దినములకు 12, ఆదివారపు 200 కలుపగా 212 జీబీలతో వారము గడచిపోవును. చౌక యన్న నిదియే చౌక. కాని శనివారము రాత్రి ప్రతి తీసిన పిమ్మట డిస్కు పోయినచో, ఆదివారపు పూర్ణప్రతిని ముందుగా నిలిపి, దానిపై సోమవారపుది, మంగళవారపుది, ఇట్లు ఏడింటిని వరుస తప్పక పేర్చవలయును. నడుమ బుధవారపు ప్రతి చెడియుండెనా, మంగళవారము వఱకే నమ్మకముగా తిరిగివచ్చును. గొలుసులో ఒక్క లంకె తెగినట్లే.

మూడవదగు డిఫరెన్షియల్, అనగా భేదప్రతి, ఈ రెంటికిని నడిమిది. ఇందు ప్రతిరాత్రియు కడపటి పూర్ణప్రతి తరువాత మాఱినదంతయు తీయుదురు. సోమవారము 2, మంగళవారము 4, ఇట్లు పెరిగి శనివారమునకు 12 జీబీలగును. అన్నియు నుంచుకొన్నచో పూర్ణప్రతితో కలిసి 242 జీబీలు. మఱల నిలుపునపుడు రెండే కావలయును: ఆదివారపుది, శనివారపుది. బుధవారపుది చెడినను చింత లేదు.

ఏది మాఱినది, ఏది మాఱలేదు అని యంత్రమున కెట్లు తెలియును? విండోస్ కంప్యూటర్లలో ప్రతి ఫైలునకును ఒక చిన్న గుర్తు కలదు. ఫైలును మార్చిన తోడనే ఆ గుర్తు లేచి నిలుచును. పూర్ణప్రతియు, దినవృద్ధి ప్రతియు తీయునపుడు దానిని చెఱిపివేయుదురు. భేదప్రతి తీయునపుడు చెఱుపక విడిచెదరు. ఈ రెండు విధములకుగల భేదమంతయు ఈ చిన్న గుర్తును చెఱుపుటలోనో, విడుచుటలోనో యున్నదనిన ఆశ్చర్యముగా నుండును. ఇటీవలి సాధనములు అనేకము మాఱిన ఫైలును గాక, ఫైలులో మాఱిన ముక్కలనే గుర్తించి తీయుచున్నవి.

నన్నడిగినచో, చోటునకు కొఱతలేని చిన్న కార్యాలయమునకు భేదప్రతియే మేలందును. ఆపదవేళ మనుష్యుని చేయి వణకుచుండును. ఏడు ప్రతులు పేర్చుటకన్న రెండు పేర్చుట తేలిక.

ఇక ప్రతివలె కనిపించియు ప్రతి కానిదొకటి కలదు. రెండు డిస్కులను జతపఱచి, ఒకదానిలో వ్రాసినది తక్షణమే రెండవదానిలోను వ్రాయబడునట్లు చేయుదురు. ఇది అద్దములోని ప్రతిబింబము వంటిది. ఒక డిస్కు చెడిన రెండవది పని నడపును, నిజమే. కాని మీరు పొరపాటున ఒక ఫైలును చెఱిపితిరా, అద్దములోను అది అదృశ్యమగును. ఫోనునకు, క్లౌడునకు నడుమ జరుగు సింక్ అను పనియు చాలవఱకు ఇట్టిదే. 2011 ఫిబ్రవరిలో గూగుల్ వారి జీమెయిలునందు ఒక సాఫ్టువేరు దోషము వలన కొందఱి ఉత్తరములు మాయమయ్యెను. వేర్వేఱు చోట్లనున్న ప్రతులలోను ఆ దోషము ప్రవేశించినది. చివరకు వానిని తిరిగి తెచ్చినవి, యంత్రములకు తగిలించక వేఱుగ నుంచిన అయస్కాంతపు టేపులు.

ప్రతి యెచ్చట నున్నదనునది, ఏ విధపు ప్రతి యనుదానికన్న ముఖ్యము. 2025 సెప్టెంబరు 26వ తేదీన దక్షిణ కొరియాలోని దేజాన్ నగరమందు ప్రభుత్వ సమాచార కేంద్రమున లిథియం బ్యాటరీలు అంటుకొని అగ్నిప్రమాదము జరిగెను. ఉద్యోగులు తమ పనికి సంబంధించిన పత్రములు దాచుకొనుటకు ఏర్పఱచిన జీ-డ్రైవ్ అను భాండారము అందు దగ్ధమయ్యెను. దానిలోనిది 858 టీబీల సమాచారము. ఇంత పెద్దదానికి వెలుపల ప్రతి యుంచుట సాధ్యము కాలేదని అధికారులు చెప్పిరి. విలువ పెరిగినకొలది ప్రతి తీయుట మానుకొనుట ఎట్టి న్యాయమో నాకు బోధపడదు. ఏండ్ల తరబడి వ్రాసికొన్న నివేదికలు, లెక్కలు దానిని నమ్ముకొన్న ఉద్యోగులకు లేకుండ పోయెను.

మనకు అగ్నియే గాక తుపానులును కలవు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ విశాఖపట్టణమును ఎట్లు పీడించినదో చూచినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. విశాఖలో మూలమున్నవారు ప్రతిని ప్రక్కగదిలో నుంచుటకన్న హైదరాబాదులోనున్న బంధువుల యింట నుంచుట యుక్తము. పీటర్ క్రో అను అమెరికా ఛాయాచిత్రకారుడు ప్రచారమునకు తెచ్చిన సూత్రమొకటి కలదు: మూలముతో కలిసి 3 ప్రతులు, 2 విధములైన సాధనములపై, అందు 1 వేఱొక స్థలమున. సామాన్య గృహస్థునకును ఇది అసాధ్యము కాదు. ఫోనులోని పెండ్లి చిత్రములు ఒక హార్డుడిస్కులో నొకసారి, క్లౌడులో నొకసారి ఉంచుకొన్న చాలును.

ఆ హార్డుడిస్కును పని తీఱిన వెంటనే ఊడదీయవలయును. తగిలించియుంచిన డిస్కునకు కంప్యూటరునకు పట్టిన చీడ అంతయు పట్టును. 2017 జూన్ మాసమున నాట్‌పెట్యా అను దుష్ట కార్యక్రమము మెర్‌స్క్ అను గొప్ప ఓడల సంస్థ యంత్రములను ధ్వంసము చేసినపుడు, ఒకదానికొకటి ప్రతులుగా నున్న ప్రధాన సర్వరులన్నియు ఒక్కటిగా పోయెను. ఘానా దేశములోనిది యొకటి మాత్రము బ్రతికెను. ఏలయన ఆ సమయమున అచ్చట కరెంటు పోయి, అది వలనుండి విడివడి యుండెను. కరెంటు పోవుటవలన మేలు కలిగిన సందర్భము నాకు తెలిసినంతలో ఇదియొక్కటే.

ప్రతి యున్నదనుకొనుట వేఱు, ఉండుట వేఱు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఉద్యోగి, ఒక యంత్రము ననుకొని మఱియొక యంత్రముపై తొలగింపు ఆజ్ఞ నిచ్చెను. సుమారు 300 జీబీలు చెఱిగిపోయెను. ప్రతులు తీయుటకు వారికి పలు మార్గములుండెను. తీరా చూడగా ప్రతులుండవలసిన పెట్టె రిక్తముగా నుండెను. ప్రతి తీయు సాధనము వేఱొక సంచికది యగుటచే ప్రతిసారి విఫలమగుచుండెను. ఆ విఫలతను తెలుపు ఉత్తరములు ఎవరికిని చేరకుండెను. వేఱొక పనికై సుమారు ఆఱుగంటల ముందు తీసియుంచిన నకలొకటి యుండుటచే సంస్థ గట్టెక్కెను. ఆ ఆఱుగంటల పని మాత్రము పోయెను. అందుచేత మూడు నెలలకొకసారియైనను ప్రతిలోనుండి కొన్ని ఫైళ్లు వేఱొక కంప్యూటరునకు తెచ్చి, తెఱచి చూడవలయును. సరిగా తెఱచుకొన్నదే ప్రతి.

కడపటిగా తాళపుచెవి విషయము. దొంగ చేతికి చిక్కినను చదువలేకుండునట్లు ప్రతిని సంకేతలిపిలో నుంచుట మంచి పద్ధతియే. కాని ఆ సంకేతపదమును కొందఱు అదే కంప్యూటరులో వ్రాసియుంచుకొందురు. కంప్యూటరు పోయిననాడు పదమును పోవును. ప్రతి చేతిలోనున్నను తెఱచు మార్గముండదు. దీనికి మాత్రము పాతకాలపు కాగితమే తగినది. చక్కగా వ్రాసి, మడిచి, ఇంటి దస్తావేజులున్న పెట్టెలో నొకటి, ప్రతి యున్న ఊరిలో నమ్మకస్థుల యొద్ద నొకటి యుంచవలయును.