ఫిల్టర్ ఉంటే సేఫేనా?

మన సిద్దిపేట తమ్ముడొకడు మెసేజ్ పెట్టిండు: "అన్నా, బీడీ బంద్ చేసి ఫిల్టర్ సిగరెట్‌కి మారిన. ఇక సేఫే కదా?"

కాదు తమ్ముడూ. ఫిల్టర్‌లో దూదిలా కనిపించేది సెల్యులోజ్ అసిటేట్, ఒక రకం ప్లాస్టిక్. అది కొంత టార్‌ని ఆపుతది, నిజమే. కానీ కార్బన్ మోనాక్సైడ్ గ్యాస్ కదా, సీదా లోపలికి పోతది.

అసలు కథ వేరే ఉంది. చాలా ఫిల్టర్ల చుట్టూ కంటికి సరిగ్గా ఆనని రంధ్రాలుంటయి. టెస్టింగ్ మెషిన్ పీలిస్తే వాటిలోంచి గాలి కలిసి టార్ తక్కువ చూపిస్తది. మనిషి అట్ల పీల్చడు. వేళ్లతో, పెదవులతో ఆ రంధ్రాలు మూస్తడు, నికోటిన్ సరిపోక ఇంకా గట్టిగా గుంజుతడు. ఊపిరితిత్తుల్లో అడినోకార్సినోమా అనే క్యాన్సర్ పెరగడానికి సిగరెట్ డిజైన్‌లో వచ్చిన మార్పులే కారణమని 2014లో అమెరికా సర్జన్ జనరల్ రిపోర్ట్ చెప్పింది.

"మరి పైపుకి కార్బన్ ఫిల్టర్ పెడితే?" అని కూడా అడిగిండు. (ఏదో సినిమా చూసినట్టుండు!) పైపు పొగ ఎక్కువగా నోట్లోనే తిరుగుతది. ఫిల్టర్ పెట్టినా నోటి క్యాన్సర్ భయం పోదు.

దుబ్బాక దిక్కు బీడీలు చుట్టే అమ్మలు పీల్చే పొగాకు దుమ్ముకైతే ఏ ఫిల్టరూ లేదు. దానిమీద వేరే ఎపిసోడ్ చేస్త.

తమ్ముడూ, మానాలనుకుంటే 1800-11-2356కి ఫోన్ చెయ్యి. అది ఫ్రీ.