దారి నడుమ నొక ప్రశ్న



జనగామ చౌరస్తాలో పోలీసులు బండిని నిలిపినంతనే మన మనస్సున మొదట పుట్టునది విసుగు. మఱియొక చలానా కాబోలునని గొణుగుకొందుము. ఆ విసుగు నిష్కారణమని మేమనము. అయినను ఆ తనిఖీయందు జరిమానాకంటె గొప్ప ప్రయోజన మొకటి కలదు. దానినే నేడు మీతో ముచ్చటింపదలచితిమి.

నేరస్థు డెంత చతురుడైనను కదలక తీరదు. కదలుటకు బాటయు బండియు కావలయును. మన మూడు పట్టణములును బాటలమీదివి. జనగామ హైదరాబాదు-వరంగల్లు రహదారిపై నున్నది. సూర్యాపేటనుండి సిద్దిపేటకు బోవు బాటయు నచటనే కలియును. మహబూబాబాదు కాజీపేట-విజయవాడ రైలుమార్గముపై నున్నది. భూపాలపల్లి మీదుగా బోవు బాట కాళేశ్వరముకడ గోదావరిని దాటి మహారాష్ట్రమందలి సిరోంచను జేరును. దొంగబండియైనను, గంజాయి మూటయైనను, అపహృతుడైన బిడ్డయైనను ఇట్టి బాటలనే పోవలయును గదా!

లోకానుభవమును జూడుడు. ఉత్తర ఇంగ్లండున పదుమువ్వురు స్త్రీలను జంపిన పీటర్ సట్‌క్లిఫ్‌ను పోలీసులు తొమ్మిది పర్యాయములు ప్రశ్నించి విడిచిపెట్టిరి. 1981 జనవరి 2వ తేదీ రాత్రి షెఫీల్డు నగరమున అతని కారు నంబరు ప్లేటు నకిలీదని గస్తీ పోలీసు లిద్దరు కనుగొనిరి, ఘాతకుడు చిక్కెను. 1995 ఏప్రిల్ 19న అమెరికాలోని ఓక్లహోమా నగరమున 168 మందిని బలిగొన్న ప్రేలుడు జరిగిన గంటన్నరకు, వెనుక నంబరు ప్లేటు లేని కారు నొక రహదారి పోలీసు నిలిపెను. లోనున్న తిమోతీ మెక్‌వే దాచిన తుపాకితో పట్టుబడెను. అతడే ఆ ప్రేలుడునకు కారకుడని రెండు దినములకు గాని తెలియలేదు. ఈ రెండు చోట్లను పట్టించినది మనిషి ముఖము గాదు, బండి నంబరు.

మన పొరుగున నీ పనికి ప్రాణములే మూల్యమైనవి. 2015 ఏప్రిల్ 1వ తేదీ అర్ధరాత్రి సూర్యాపేట బస్టాండులో తనిఖీ చేయుచున్న పోలీసులపై నిద్దరు కాల్పులు జరిపిరి. ఒక కానిస్టేబులును, ఒక హోంగార్డును మరణించిరి. 4వ తేదీన జానకీపురముకడ జరిగిన కాల్పులలో ఆ యిద్దరును, మఱియొక కానిస్టేబులును మడిసిరి. గాయపడిన ఎస్.ఐ. సిద్ధయ్య 7వ తేదీన కన్నుమూసెను. ఆ యిద్దరును 2013లో మధ్యప్రదేశమందలి ఖండ్వా కారాగారమునుండి తప్పించుకొన్నవారని పోలీసులు ప్రకటించిరి.

కావున అధికారులకు మా విన్నపము. దూరమునుండి ఛాయాచిత్రము దీసి చలానా పంపుటతో పని తీరినదనుకొనరాదు. ఆ యంత్రము జరిమానాను రాబట్టును గాని, వెనుక సీటులో నేడ్చు బిడ్డను జూడదు. మఱియు తండానుండి వచ్చు లంబాడీ యువకుని నిలిపి, పెద్దకారును సలాముచేసి విడుచుట తనిఖీ గాదు, అవమానము. అందఱిని సమముగా నిలుపవలయును; మర్యాదగా నడుగవలయును. సోదా చేసినచో, 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము దృశ్యముద్రణ చేయవలయును. అర్ధరాత్రి అపరిచితుని సంచి విప్పించు కానిస్టేబులునకు తగిన రక్షణ కల్పింపవలయును.

ఇక మనమాట. 1988నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము యూనిఫారములోనున్న పోలీసు అధికారి యడిగినప్పుడు లైసెన్సు చూపుట మన విధి. కాని మన యువకులు చలానాకు వెఱచి నంబరు ప్లేటు వంచుచున్నారు, అంకెపై మసి పూయుచున్నారు. నూఱుబండ్ల నంబర్లు చెరిగియున్నచో, ఆ నూఱింటినడుమ దొంగబండి నిశ్చింతగా సాగిపోవును. వందరూపాయలకై మనము వేసిన ముసుగు హంతకునికి గూడ ముసుగగును. తల్లిదండ్రులారా, నేడు ఇంటికి బోయి మీ పిల్లల బండి నంబరును తుడిచి సరిచేయింపుడు. ఈ సేవకు సభలు వలదు, చందాలు వలదు, తడిగుడ్డ చాలును.