వంటింటి ఛార్జి – చెరువు చేపల పులుసు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మనందరికీ తెలిసిందే. పెన్షను దయతో ఇచ్చేది కాదు, ఉద్యోగి చేసిన సేవకు దక్కే హక్కు అని ఆ తీర్పు తేల్చింది. అందుకే ఏటా ఈ రోజున మనం కలుసుకుని కరువుభత్యం గురించి, రావలసిన బిల్లుల గురించి మాట్లాడుకుంటాము. ఈసారి కార్యదర్శిగారు ఆరోగ్యం, ఆహారం అనే అంశం మీద నాలుగు మాటలు చెప్పమని నన్ను కోరారు. నేను వైద్యుడిని కాను. 1972లో తాలూకా కచేరీలో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయిన గుమాస్తాను. అయితే గత పదేండ్లుగా మా ఇంట్లో చేపల కూర నా చేతి మీదుగానే జరుగుతున్నది. కనుక ఆ సంగతే మనవి చేస్తాను. శాకాహారులైన సభ్యులు మన్నించాలి. చివరలో నేను చేసే విన్నపం మాత్రం వారికి కూడా వర్తిస్తుంది.

మన కల్వకుర్తి సముద్రానికి దూరం. మనకు చేప అంటే చెరువు చేపే. అలుగు దుంకిననాడు నీటికి ఎదురెక్కే చేపలను పిల్లలు గంపలతో పట్టడం మన తరం చూసింది. కొర్రమట్ట, వాలుగ, జెల్ల, మార్పు, పరకలు – ఈ పేర్లు మనకు బడికి పోకముందే వచ్చినవి. మృగశిర కార్తె నాడు ఉన్నవారూ లేనివారూ చేప తెచ్చుకునేవారు. ఎండాకాలం చివర చెరువు అడుగంటి ఉంటుంది గనుక చేప సులభంగా దొరికేది. అటు తరువాత కరువులు వచ్చినవి, చెరువులు ఎండినవి, పాలమూరు మనిషి తట్ట పార పట్టుకుని దేశం మీద పడ్డాడు. వానలు లేని ఏండ్లలో మన అంగడిలో దొరికినవి ఎండుచేపలు, ఎండు రొయ్యలు మాత్రమే.

ఆ తరువాత 2015లో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడికలు తీశారు. 2016 నుండి మత్స్యశాఖ వారు చెరువులలో ఉచితంగా చేపపిల్లలు వదలసాగారు. శ్రీశైలం వెనుక జలాలను ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు వద్ద మూడు మెట్లుగా ఎత్తి పోసే కల్వకుర్తి పథకం నీళ్ళు కొన్ని చెరువులకు చేరినవి. 2016లోనే కొర్రమట్టను రాష్ట్ర చేపగా ప్రకటించారు. ఈ విధంగా చెరువు చేప తిరిగి వచ్చింది. కానీ దానిని కడిగి వండే చేతులు ఆ వేళకు ముసలివైనవి. నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే.

మన సంఘ సభ్యులే ఒకరున్నారు, పేరు చెప్పను. ఆయన భార్య కాలం చేసి మూడేండ్లయింది. కొడుకు కోడలు పట్నంలో ఉద్యోగాలు. ఒకనాడు బ్యాంకు దగ్గర లైఫ్ సర్టిఫికెట్ కోసం కూర్చున్నప్పుడు ఆయన నాతో అన్నారు: "చేపలు దొరకక కాదన్నా. హోటల్ల తెచ్చుకుంటున్న. కని ఆమె చేసిన పులుసు ఎట్ల చేసిందో ఇంట్ల ఎవ్వరికి తెల్వదు. నేను అడగలే, ఆమె చెప్పలే." ముప్పై ఆరేండ్లు ఇతరుల సర్వీసు రిజిస్టర్లు రాసిన మనిషి ఆయన. ఎవరు ఏ తేదీన ఏ సెలవు పెట్టారో చూడకుండా చెప్పగలరు. ఆ మాట విన్న తరువాత మా ఇంటావిడ దగ్గర నేను నేర్చుకున్నదంతా తూకాలతో సహా ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. అందులోని కొన్ని విషయాలు మీ ముందుంచుతాను.

మొదటిది, చేపను ఎంచుకోవడం. కొర్రమట్ట గాలి పీల్చగల చేప. కనుక తొట్టిలో కొద్దిపాటి నీళ్ళలోనే బతికి ఉంటుంది, బతికున్నదే కొనండి. ముళ్ళు తక్కువ గనుక పండ్లు కట్టించుకున్న వారికి ఇది మేలు. బొచ్చె, రాహు, బంగారు తీగ వంటి చేపల కండలో సన్నని చీలుముళ్ళు ఉంటాయి. తోక వైపు ఇవి ఎక్కువ. కనుక మన వయసువారు పొట్ట ముక్కలు, తల తీసుకోవడం మంచిది. మంచులో పెట్టిన చేప అయితే మొప్పలు ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బి తేటగా ఉండాలి, వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి. ఈ మూడూ సరిపోతేనే మంజూరు చేయండి, లేకుంటే ఆక్షేపణ రాసి వాపసు పంపండి.

రెండవది, కడగడం. చేపకూర బాగుపడినా చెడినా ఇక్కడే. కొర్రమట్టకు ఒంటినిండా జిగురు ఉంటుంది. వెనుకట బూడిదతో గరుకు బండ మీద రుద్దేవారు. గ్యాసు పొయ్యిల కాలంలో బూడిద లేదు గనుక దొడ్డుప్పు, పిండేసిన చింతపండు పిప్పి వాడవచ్చును. మొప్పలు పూర్తిగా తీయాలి. బొచ్చె, రాహు పొట్ట లోపల నల్లని పొర ఉంటుంది, దానిని గీకివేయాలి. పిత్తం తిత్తి పగలకుండా తీయాలి. పగిలితే కూరంతా చేదవుతుంది. ఇంకొక హెచ్చరిక. రాహు వంటి చేపల పిత్తం మందని చెప్పి పచ్చిది మింగేవారు కొందరున్నారు. అలా మింగి మూత్రపిండాలు దెబ్బతిని ఆసుపత్రి పాలైన కేసులు మన దేశంలో నమోదైనవి. ఎవరు చెప్పినా ఆ పని చేయవద్దు. మా ఇంటావిడకు మోకాళ్ళ నొప్పుల వల్ల కింద కూర్చుని కోసే శక్తి పోయింది. ఆమె కుర్చీలో కూర్చుని "ఇంకోపారి ఉప్పేసి రుద్దుండ్రి, వాసన పోలే" అంటుంది. నేను రుద్దుతాను. పై అధికారి ఆమోదం లేకుండా ఫైలు కదలదు గదా.

ఇక ఆ వాసన సంగతి. చేప మట్టి తింటుంది గనుక మట్టి వాసన వస్తుందని మనం అనుకుంటాము. అసలు కారణం జియోస్మిన్ అనే పదార్థం. నీటిలోని ఒక రకం నాచు, కొన్ని సూక్ష్మజీవులు దీనిని తయారు చేస్తాయి. తొలకరి చినుకు పడగానే నేల నుండి వచ్చే కమ్మని వాసన కూడా దీనిదే. నేలలో ఉంటే మనకు ఇష్టం, చేపలో ఉంటే కష్టం. ఇది చేప తోలులో, కొవ్వులో చేరుతుంది. పులుపు తగిలితే మారిపోయి వాసన లేనిదవుతుంది. మన పెద్దలు ఏ ప్రయోగశాలకూ పోలేదు. అయినా చెరువు చేపకు చింతపండు పులుసే తగినదని గుర్తించారు. కనుక కడిగిన ముక్కలకు ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి పావుగంట ఉంచి మళ్ళీ కడగండి. సగం వాసన అక్కడ పోతుంది, మిగతా సగం పులుసులో పోతుంది.

మూడవది, పులుసు. కిలో ముక్కలకు మా లెక్క ఇది. చింతపండు పెద్ద నిమ్మకాయంత, అనగా సుమారు 50 గ్రాములు. ఉల్లిగడ్డలు మూడు, రెండింటిని పొట్టుతోనే మంట మీద కాల్చి, పొట్టు తీసి నూరుకోవాలి, ఒకటి సన్నగా తరుగుకోవాలి. నువ్వులు రెండు చెంచాలు, ఎండుకొబ్బరి చిన్న ముక్క, ధనియాలు రెండు చెంచాలు, జీలకర్ర ఒక చెంచా, మెంతులు పావు చెంచా – ఇవి నూనె లేకుండా వేయించి పొడి చేయాలి. మెంతులు ఎరుపెక్కితే చాలు, నల్లబడితే చేదు. పల్లినూనె మూడు చెంచాలు వేసి తరిగిన ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు, కరివేపాకు, అల్లం ఎల్లిగడ్డ ముద్ద వేయించి, నూరిన ఉల్లిగడ్డ, పసుపు, కారంపొడి కలపాలి. నూనె తేలినాక చింతపండు రసం పోసి పది పన్నెండు నిమిషాలు మరగనివ్వాలి. పచ్చి పులుపు వాసన పోయి చిక్కబడ్డాక పొడి వేసి, అప్పుడు ముక్కలు ఒక్కొక్కటిగా పరచాలి. మూత పెట్టి సన్నని సెగ మీద ఎనిమిది నుండి పది నిమిషాలు చాలును. ముక్కలు వేసిన తరువాత గంటె పెట్టరాదు. రెండు చేతులతో గిన్నె అంచులు గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పాలి. చేప కండ మేక మాంసం వంటిది కాదు, కొద్దిపాటి వేడికే ఉడుకుతుంది. ఎక్కువ ఉడికితే విడిపోతుంది. దించి కొత్తిమీర చల్లి గంటసేపైనా కదపకుండా ఉంచాలి. మట్టి చట్టి అయితే మంచిది, లేకుంటే స్టీలు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో, అల్యూమినియంలో పులుసు వద్దు. మరునాడు జొన్నరొట్టెతో రుచి ఎక్కువ అన్నమాట నిజమే. రాత్రి మిగిలినది ఫ్రిజ్‌లో పెట్టి తినేముందు బాగా మరిగించాలి.

ఇకపోతే రొయ్యలు, ఎండ్రికాయలు. పొలం గట్ల ఎండ్రికాయలు బతికున్నవే తేవాలి, చచ్చినవి పారవేయాలి. డెక్కలు, కాళ్ళు విడదీసి, సన్నకాళ్ళను రోట్లో దంచి నీళ్ళు పోసి గుడ్డలో వడగట్టి, ఆ రసాన్ని పులుసులో పోస్తే రుచి అంతా అందులోనే ఉంటుంది. బాగా ఉడికించడం తప్పనిసరి. సగం ఉడికిన మంచినీటి ఎండ్రికాయల ద్వారా ఊపిరితిత్తులలో పురుగు చేరే జబ్బు ఈశాన్య రాష్ట్రాలలో ఉన్నది. దాని దగ్గు క్షయ దగ్గును పోలి ఉంటుంది. పచ్చి రొయ్యలకు వీపు మీది నల్లదారం తీయాలి, ఐదు నిమిషాలకు మించి వేయించరాదు, మించితే రబ్బరే. అంగడి ఎండు రొయ్యలకు తలలు, తోకలు తుంచి, వట్టి మూకుడులో వేయించి, గుడ్డలో నలిపి, వేడినీళ్ళలో రెండుసార్లు కడిగి పుంటికూరలో వేస్తే దానికి సాటి లేదు.

ఆరోగ్యం గురించి రెండు మాటలు. రోజుకు అన్ని పదార్థాలలో కలిపి ఉప్పు 5 గ్రాములకు లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఎండుచేపలో ఉప్పు మెండు. బి.పి. ఉన్నవారు ఎండు చేపలను ఎప్పుడో ఒకనాటి సరదాకే పరిమితం చేసుకోవాలి. పులుసులో పులుపు, కారం ఉన్నందువల్ల ఉప్పు కొంత తగ్గించినా నాలుకకు లోటు తెలియదు. యూరిక్ ఆమ్లం, కీళ్ళవాపు ఉన్నవారు రొయ్యలు, ఎండ్రికాయల విషయంలో డాక్టరును అడగాలి. ముల్లు గొంతులో దిగితే అన్నం ముద్దలు మింగి నెట్టే ప్రయత్నం చేయకుండా ఆసుపత్రికి పోవాలి.

సోదరులారా, నా విన్నపం ఇది. మనం ఉద్యోగంలో ఉండగా ఛార్జి అప్పగింత లేకుండా ఒక్క కుర్చీ వదలలేదు. బీరువా తాళం చెవి దగ్గరనుండి స్టాంపుల లెక్క వరకు జాబితా రాసి సంతకాలు పెట్టాము. మన ఇంటి వంటగదిని యాభై ఏండ్లు నడిపిన వారి దగ్గర మాత్రం ఒక్క ముక్క రాసుకోలేదు. వారి చేతి కొలతలు ఏ రిజిస్టరులోనూ లేవు. చారెడు, చిటికెడు, కంటిచూపు – వారి లెక్కలు ఇవే. వారు ఉన్నప్పుడే పక్కన కూర్చుని, ఆ చిటికెడును తూచి రాసుకోవాలి. అది చేపల పులుసే కానవసరం లేదు. మామిడికాయ తొక్కు కావచ్చు, సకినాలు కావచ్చు, శాకాహారుల ఇండ్లలో పచ్చిపులుసు కావచ్చు. రాసిన తరువాత కత్తి, గంటె మనమే పట్టాలి. మోకాళ్ళు అరిగిన ఆమెకు విశ్రాంతి అవసరం లేదా? ప్రభుత్వం మనకు 58 ఏండ్లకే విశ్రాంతి ఇచ్చింది. ఆమెకు ఇప్పించవలసిన అధికారి మనమే, దానికి ఏ జి.ఓ.తోనూ పని లేదు.

పైన చెప్పిన మిత్రుడు రెండు ఆదివారాలు మా ఇంటికి వచ్చి పులుసు నేర్చుకున్నారు. రెండవసారి ఆయనే వండారు. రుచి చూసి, "మంచిగుంది కని ఆమెది గిట్ల కాదు. ఆమె ఏదో ఇంకొకటి ఏస్తుండె" అన్నారు. ఏమి వేసేదో చెప్పగలవారు ఇప్పుడు లేరు. అయినా ఆయన మానలేదు. ఇంట్లోనే వండుకుంటున్నారు, కొడుకు వచ్చిననాడు వడ్డిస్తున్నారు. ఆ కొడుకు తన ఫోనులో కొలతలు రాసుకుపోయాడట.

 నోటుబుక్కు నా సంచిలోనే ఉన్నది. కావలసినవారు భోజనాల తరువాత నకలు రాసుకోవచ్చును. నకలుకు రుసుము లేదు.