మూడేళ్ల బసకు ఇరవయ్యేళ్ల అప్పా?

(పిల్లల చదువుల కోసం, ఉద్యోగాల కోసం హైదరాబాదుకు తరలివెళుతున్న కుటుంబాల నిమిత్తం కర్నూలులో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను రిజిస్ట్రేషన్ శాఖలో గుమాస్తాగా చేరి, ఆ శాఖలోనే పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇల్లు కొన్నవారి సంతోషాన్నీ, ఉన్న ఇల్లు అమ్ముకున్నవారి దిగులునూ నా బల్ల ముందే చూశాను. విరమణ తరువాత మసీదు కమిటీ పనుల్లో ఉంటున్నందువల్ల ఎందరో నా దగ్గరకు వచ్చి ఒకే ప్రశ్న అడుగుతున్నారు: “చాచా, మూడు నాలుగేళ్లే ఉంటాం. అయినా అక్కడ ఇల్లు కొనేద్దామా?”

ఎందుకు కొనాలనుకుంటున్నారని తిరిగి అడిగితే మూడు కారణాలు చెబుతారు. అద్దె కట్టడమంటే డబ్బు నీళ్లపాలు చేయడమేనన్నది ఒకటి. హైదరాబాదులో ధరలు పెరుగుతూనే ఉంటాయన్నది రెండవది. మూడవ కారణాన్ని గొంతు తగ్గించి చెబుతారు: “అద్దెకు ఇల్లు ఇవ్వడం లేదు చాచా. పేరు చెప్పగానే ఖాళీ లేదంటున్నారు.” మొదటి రెండింటికి లెక్క కడితే జవాబు దొరుకుతుంది. మూడవదానికి లెక్క చాలదు. అందుకే దాని గురించి ఎక్కువ మాట్లాడతాను.

ముందుగా లెక్క చూద్దాం. 50 లక్షల రూపాయల ఫ్లాటు అనుకోండి. తెలంగాణలో పట్టణ ప్రాంతంలో కొంటే స్టాంపు డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 0.5 శాతం. మొత్తం 7.5 శాతం, అంటే 3 లక్షల 75 వేలు. ఈ డబ్బు మళ్లీ తిరిగి రాదు. కొనేటప్పుడు ఒక శాతం, అమ్మేటప్పుడు ఒక శాతం మధ్యవర్తికి ఇచ్చుకుంటే మరో లక్ష. నిర్మాణంలో ఉన్న ఫ్లాటయితే సాధారణంగా 5 శాతం జీఎస్టీ అదనం. దాన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం.

చేతి నుంచి 10 లక్షలు పెట్టి, మిగిలిన 40 లక్షలు 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో తీసుకున్నారనుకోండి. నెల వాయిదా దాదాపు 36 వేలు. మూడేళ్లలో కట్టేది సుమారు 13 లక్షలు. అందులో అసలు కింద జమ అయ్యేది రెండున్నర లక్షలకు లోపే. మిగిలిన పదిన్నర లక్షలు వడ్డీ. మొదటి సంవత్సరాల వాయిదాలలో అధికభాగం వడ్డీకే పోతుందన్న సంగతి కాగితాల మీద ఉంటుంది కానీ ఎవరూ చదివి చెప్పరు. రిజిస్ట్రేషన్, మధ్యవర్తి ఖర్చు, వడ్డీ కలిపితే మూడేళ్లలో తిరిగిరాని సొమ్ము 15 లక్షల పైమాటే. అదే ఇంటికి నెలకు 18 వేల అద్దె కడితే మూడేళ్లకు 6 లక్షల 48 వేలు. అంటే 50 లక్షలకు కొన్న ఫ్లాటు మూడేళ్లలో 59 లక్షలకు అమ్ముడుపోతేనే మీరు అద్దెకున్నవానితో సమానమవుతారు. ఆస్తిపన్ను, నిర్వహణ రుసుము, మరమ్మతులు ఈ లెక్కలో చేర్చనే లేదు. ఇప్పుడు చెప్పండి, నీళ్లపాలైనది ఏ సొమ్ము?

మనలో చాలామంది వడ్డీకి దూరంగా ఉంటారు. వడ్డీ లేని బ్యాంకింగ్‌ను పరిశీలించమని 2008లో రఘురామ్ రాజన్ కమిటీ సూచించింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ఆలోచనను విరమించుకుంది. కాబట్టి మామూలు బ్యాంకులలో ఆ దారి లేదు. అటువంటి కుటుంబాలు ఊళ్లోని ఇల్లో, నాలుగెకరాల పొలమో, ఇల్లాలి నగలో అమ్మి కొంటాయి. వడ్డీ లేదు గనుక పై లెక్క తమకు వర్తించదని అంటారు. అది నిజమే. అంకెలు చూస్తే వారికి కొనడమే కాస్త మేలుగా కనిపించవచ్చు. కానీ మూడేళ్ల తరువాత బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు ఫ్లాటు నెలలో అమ్ముడుపోదు. తొందరలో అమ్మేవాడికి ధర రాదు. 24 నెలలు నిండకుండా అమ్మితే వచ్చిన లాభాన్ని మామూలు ఆదాయంలో కలిపి పన్ను వేస్తారు. తిరిగి వచ్చేసరికి ఊళ్లో అమ్మిన పొలం మళ్లీ అదే ధరకు దొరకదు. సోదరీమణులకు ఒక మాట: నగలు, మెహర్ సొమ్ము మీ సొంత ఆస్తి. అవి పెట్టి ఇల్లు కొంటే దస్తావేజులో మీ పేరు ఉండాలి. ఇంటి పెద్ద మంచివాడే కావచ్చు, కానీ కాగితం కాగితమే.

ఇక మూడవ కారణానికి వద్దాం. భారత రాజ్యాంగం 19(1)(ఇ) అధికరణ దేశంలో ఎక్కడైనా నివసించి స్థిరపడే హక్కును ప్రతి పౌరునికీ ఇచ్చింది. అయితే ఈ హక్కుతో ప్రైవేటు ఇంటి యజమాని మీద నేరుగా కేసు వేయడం కష్టం. మతం కారణంగా అడ్డుకోరాదని 15(2) అధికరణ చెప్పేది దుకాణాలు, హోటళ్లు, బావులు, రహదారుల వంటి చోట్ల గురించి. అద్దె ఇంటి ప్రస్తావన అందులో లేదు. 2005లో జొరాస్ట్రియన్ సహకార గృహనిర్మాణ సంఘం కేసులో సుప్రీంకోర్టు, ఒక సహకార సంఘం తన సభ్యత్వాన్ని ఒకే సమాజానికి పరిమితం చేసుకోవడాన్ని సమర్థించింది. ముస్లింలకు కోరుకున్న చోట ఇల్లు దొరకడం కష్టంగా ఉందన్న ఫిర్యాదును 2006 నాటి సచార్ కమిటీ నివేదిక నమోదు చేసింది. ఢిల్లీ, దాని చుట్టుపక్కల నగరాల్లో సుఖదేవ్ థోరట్ బృందం చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. అద్దె ఇంటి కోసం అడిగినవారిలో దళితులకన్నా ముస్లింలకే ఎక్కువ తిరస్కారం ఎదురైందని అది తేల్చింది. కాబట్టి మీకు జరిగింది మీ భ్రమ కాదు. గృహవివక్షను నిషేధించే చట్టం కావాలని అడగడం మన బాధ్యత. ఆ డిమాండును మనం వదలకూడదు.

కానీ చట్టం వచ్చేలోపు జూన్ నెల వస్తుంది, పిల్లవాడి కళాశాల తెరుస్తారు. అప్పుడే ప్రమాదం ఎదురవుతుంది. నాలుగు ఇళ్ల దగ్గర కాదనిపించుకున్న తండ్రి అయిదవ రోజున, ఎంతైనా సరే సొంత ఇల్లే కొంటానంటాడు. అవమానం పడిన మనసు కాగితాలను సరిగా చదవదు. ఆ సంగతి తెలిసిన మధ్యవర్తి, సగం ధరకే వస్తుందంటూ నోటరీ ఇల్లు చూపిస్తాడు.

ఆ నోటరీ ఇల్లు ఏమిటో నా ఉద్యోగ అనుభవంతో చెబుతాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 100 రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజు ద్వారానే జరగాలి. నోటరీ ముద్ర సంతకాన్ని ధ్రువీకరిస్తుందే గానీ ఇంటిని మీ పేర చేయదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ద్వారా జరిగే అమ్మకాలతో యాజమాన్యం రాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అటువంటి ఇంటిలో ముప్పయ్యేళ్లు కదలకుండా ఉండేవారికి ఎలా గడుస్తుందో గానీ, మూడేళ్లలో అమ్మి వెళ్లవలసినవారికి అది ఉచ్చు. కొనేవాడూ మీలాగే భయపడతాడు.

ఒకసారి వక్ఫ్ అయినది ఎప్పటికీ వక్ఫేనని 1998లో సయ్యద్ అలీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వక్ఫ్ భూమిలో చవకగా ప్లాటు కొంటే డబ్బు పోవడమే కాదు, సమాజం ఆస్తిని కబళించినవారమవుతాము. మరొకటి వారసుల వాటా. అన్నదమ్ములు సంతకాలు చేసి అమ్ముతారు, అక్కచెల్లెళ్ల ఊసే ఉండదు. షరీఅత్ కూతురికి నిర్ణయించిన వాటా ఆ ఇంట్లో ఉంది. ఈసీ శుభ్రంగా ఉందని నిశ్చింతగా ఉండకండి. రిజిస్టరైన లావాదేవీలే ఈసీలో కనిపిస్తాయి. నోటి మాటగా ఇచ్చిన హిబా అందులో కనిపించదు. అందుచేత వారసులందరి సంతకాలు అడగండి. ఆడపిల్లల సంతకాలు ముందుగా అడగండి.

అయితే ఎప్పుడూ కొనవద్దని నేను చెప్పడం లేదు. ఉద్యోగం స్థిరపడి, ఏడెనిమిదేళ్లకు తక్కువ కాకుండా అక్కడే ఉండబోతున్నవారు, ఊళ్లోని ఆస్తి జోలికి పోకుండా కొనగలవారు నిశ్చింతగా కొనవచ్చు. కానీ ముందుగా ఏడాది పాటు ఆ ప్రాంతంలో అద్దెకుండండి. బడి ఎంత దూరమో, వేసవిలో నీళ్లు వస్తాయో లేదో, వాన పడితే వీధి మునుగుతుందో లేదో ఏడాదిలో తెలుస్తుంది. తరువాత ముప్పయ్యేళ్ల ఈసీ తీయించండి. సెక్షన్ 22-ఎ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడండి. భవనానికి అనుమతి పత్రం, నివాసయోగ్యతా పత్రం అడగండి. కొత్త ప్రాజెక్టయితే రెరా నంబరు సరిచూడండి. అమ్మేవారి వకీలు కాక, మీరు రుసుమిచ్చి పెట్టుకున్న వకీలు ఈ కాగితాలు చదవాలి.

మూడు నాలుగేళ్ల కోసం వెళ్లేవారికి నా సలహా అద్దె ఇల్లే. హైదరాబాదులో రెండు నెలల అద్దె అడ్వాన్సు సాధారణం. పదకొండు నెలల ఒప్పందం రాసుకుని, ఇద్దరి దగ్గరా చెరొక ప్రతి ఉంచుకోండి. అడ్వాన్సు బ్యాంకు ద్వారానే చెల్లించండి. అసలు పేరు దాచి, స్నేహితుని పేర ఇల్లు తీసుకోవడం కొందరు యువకులు చేస్తున్న పని. అది వద్దు. రేపు ఆధార్ చిరునామాకు గానీ, పాస్‌పోర్టు విచారణకు గానీ ఆ ఒప్పందం పనికిరాదు, పైగా అనుమానానికి తావిస్తుంది. మెహదీపట్నం, టోలీచౌకీలలోనే వెతకాలన్న నియమం పెట్టుకోకండి. మలక్‌పేట, మూసారంబాగ్ మెట్రో దారిలోనే ఉన్నాయి, అక్కడి నుంచి అమీర్‌పేటకు నేరుగా వెళ్లవచ్చు. మిశ్రమ బస్తీలలో ఒక యజమాని కాదంటే నాలుగవ యజమాని సరేనంటాడు. ఆ నాలుగవ తలుపు దాకా వెళ్లే ఓపిక మనకుండాలి.

ఆ ఓపిక ఒంటరి కుటుంబానికి కష్టం. అందుకే జమాఅత్ చేయవలసినవి మూడున్నాయి. ఒకటి, ఇక్కడి ప్రతి మసీదులో ఒక రిజిస్టరు పెట్టాలి. హైదరాబాదులో ఎవరి బంధువుల ఇంటి వాటా ఖాళీగా ఉందో, ఏ యజమాని మర్యాదగా చూస్తాడో అందులో రాయాలి. రెండు, వెళ్లే కుటుంబానికి పరిచయ లేఖ ఇవ్వాలి. విశ్రాంత ఉపాధ్యాయుడు, వైద్యుడు, ముస్లిమేతర మిత్రుడు కూడా సంతకం చేస్తే దాని విలువ పెరుగుతుంది. మూడు, వెళ్లిన కుటుంబం మొదటి నెల రోజులు తలదాచుకునేందుకు ఎవరో ఒకరి ఇంట ఒక గది ఏర్పాటు చేయాలి. ఆ నెల రోజుల నీడ ఉంటే కోపంతో ఇల్లు కొనే తొందర ఉండదు.

చివరగా ఇళ్లున్న సోదరులను ఒకటి అడుగుతున్నాను. మన ఇంటి గేటుకు ‘టు లెట్’ బోర్డు వేలాడదీసినప్పుడు దళితుడో, క్రైస్తవుడో, పరాయి రాష్ట్రం నుంచి వచ్చిన కూలీయో అడిగితే మనమేమని జవాబిస్తున్నాం? మనకు ఎదురైన తిరస్కారాన్ని ఖండించాలంటే మన గుమ్మం ముందు అది కనిపించకూడదు.

పరిచయ లేఖ నమూనా నేను రాసి తెచ్చాను, సభ ముగిశాక తీసుకోండి. రిజిస్టరు వచ్చే జుమా నుంచి ప్రారంభించాలని సభాధ్యక్షులను కోరుతున్నాను. ఈ సంవత్సరం పిల్లలను పంపుతున్న తల్లిదండ్రుల పేర్లే అందులో మొదటి పుట నింపాలి.

వస్సలాం.