లైసెన్సు వాళ్లకు, కేసు మనకు
(వ్యవసాయ కూలీల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మందు తాగొద్దని చెప్పడానికి మేము ఈ సభకు రాలేదు. ఆ నీతి చెప్పేవాళ్లు చానామంది ఉన్నారు. పగలు చెప్తారు, రాత్రి ఫంక్షన్‌హాల్లో ఈవెంట్ పర్మిట్టు తీసుకుని మర్యాదగా తాగుతారు. వాళ్ల తాగుడుకు రశీదు ఉంటుంది. మన వాడలో దేవర చేసుకున్నరోజు ఎవడన్నా రెండు సీసాలు పక్కన పెట్టుకుంటే అది నేరం. అందుకే మేము కాయితం గురించి మాట్లాడతాం. మందు అమ్ముకోవడానికి సర్కారు ఇచ్చే లైసెన్సు కాయితం గురించి.

ముందు పాత సంగతి. సారాయి వేలంపాటల కాలం మన పెద్దోళ్లకు ఎరుకే. పాట పాడేది కాంట్రాక్టరు, ప్యాకెట్టు చేరేది మాల మాదిగ వాడకు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు ఆ ప్యాకెట్లను ఊర్లోకి రానీలేదు. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న కూలి తల్లులు వాళ్లు. బడి చెప్పేవాళ్లంగా మేము ఈ మాట గర్వంగానే చెప్తాం. వేలంపాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారాయి రద్దయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రెండేండ్లు దాటగానే, 1997లో, ఖజానా ఖాళీ అయిందని దాన్ని ఎత్తేశారు. సారాయి పోయింది, బ్రాంది నిలిచింది. పేదోడు చవగ్గా తాగేది పోయి ఖరీదుగా తాగేది మిగిలింది.

ఆ తర్వాత పద్ధతులు చానా మారాయి. 2019 నుంచి 2024 దాకా సర్కారే అంగళ్లు నడిపింది. ధరలు మండిపోతే పావగడ దిక్కునుంచి, బళ్లారి దిక్కునుంచి కర్ణాటక ప్యాకెట్లు మన అనంతపురం పల్లెల్లోకి దిగాయి. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటుకిచ్చారు. 3,396 అంగళ్లకు లాటరీ తీశారు. చీటీ వేయడానికే 2 లక్షలు. అంగడి రాకపోయినా ఆ 2 లక్షలు తిరిగి రావు. అట్లాంటి దరఖాస్తులు 89 వేలు దాటాయి. అంటే ఒక్క సీసా అమ్మకముందే సర్కారుకు దగ్గరదగ్గర 1,800 కోట్లు వచ్చి పడ్డాయి. మన జిల్లాలో శెనక్కాయ ఎండిపోయి, బోర్లు ఎండిపోయి బెంగుళూరికి సుగ్గికి పోయే మనిషి 2 లక్షలు పారేసుకుని చీటీ వేస్తాడా? ఈ లాటరీ గేటు ఎవరికోసం తెరిచారో చెప్పనక్కర్లేదు.

ఇంగ లెక్క చూడండి. 2024లో చిన్న ఊరి అంగడికి కూడా ఏడాది లైసెన్సు ఫీజు 50 లక్షలు పెట్టారు. 365 రోజులకు పంచితే రోజుకు 13,700 దగ్గర. పొద్దున షట్టరు ఎత్తగానే అంత బాకీ మీద పడుతుంది. బాడుగ, జీతాలు, లాటరీలో పోయిన డబ్బు, పైవాళ్ల మామూళ్లు వేరే. మండల కేంద్రంలో కూచుని ఇదంతా రాబట్టాలంటే సరుకు పల్లెలకు పోవాల. అట్ల పుట్టిందే బెల్టు షాపు. బెల్టు షాపును ఏదో దొంగ యాపారం అనుకోవద్దు. లైసెన్సు అంగడికి అది చెయ్యి. ఫీజు పెంచేకొద్దీ ఆ చెయ్యి పొడుగవుతుంది.

ఆ చేతి చివర కూచునేది ఎవరు? ఈ మాట చెప్పడానికి మాకు నోరు రాదు గానీ చెప్పాల. మనోళ్లే. మొగుడు పోయిన అక్క, నడుము విరిగిన తాపీ కూలి, పనిలేని పిల్లోడు. సీసాకు పదో ఇరవయ్యో మిగులుతుంది. ఎక్సైజోళ్లు వస్తే సెక్షన్ 34 ఆ అక్క మీద పడుతుంది. సరుకు ఏ అంగడినుంచి వచ్చిందని అడిగేవాడు లేడు. ఉపాధి హామీ పని దేశంలో మొదలైంది మన జిల్లా బండ్లపల్లిలోనే, 2006 ఫిబ్రవరి 2న. ఆడోళ్ల చేతికి సొంత కూలి వస్తుందని ఎంత సంబరపడ్డాం! కూలి డబ్బు పడే రోజు మనకంటే ముందు బెల్టు షాపోడికి తెలిసే కాలం చూశాం.

ఇప్పుడు నియమాల మాట. బడికి, ఆస్పత్రికి, గుడికి 100 మీటర్ల లోపల అంగడి పెట్టకూడదు. బాగుంది. గుడి అంటే ఏది? 2012లో రాసిన ఎక్సైజు నియమాలు చదివితే, గుడి అంటే దేవాదాయ శాఖలో నమోదైన గుడి. మన వాడలో వేపచెట్టు కింద ఉన్న మారెమ్మకు, సుంకులమ్మకు రిజిస్ట్రేషను యాడిది? ఊరిలోని రాముడి గుడికి 100 మీటర్ల రక్షణ. మన సుంకులమ్మ ముందర మాత్రం అంగడి తెరిచినా నియమం తప్పినట్టు కాదు. అంటరానితనం రద్దయిందని రాజ్యాంగంలో 17వ అధికరణం ఉంది. ఎక్సైజు టేపుకు ఆ సంగతి తెలీదు.

మనమూ వాటా అడుగుదామని కొందరు తమ్ముళ్లు అంటున్నారు. 2021లో తెలంగాణలో మద్యం అంగళ్లలో గౌడలకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం కేటాయించారు. మన రాష్ట్రంలో గీత కులాలకు 10 శాతం సగం ఫీజుకు ఇచ్చారు. ఈత చెట్టు మీద బతికిన ఈడిగల కడుపు కొట్టింది సారాయి, బ్రాందీలే కాబట్టి వాళ్ల వాటాను మేము తప్పుపట్టం. మన వాటా మాటనూ తీసిపారెయ్యం. ఒక్కటే అడుగుతాం. లైసెన్సు మీద పేరు మనదై, పెట్టుబడి పాత కాంట్రాక్టరుదైతే, రేపు జైలుకు పోయేది ఎవరు?

మేమైతే వాటాకంటే ముందు ఓటు అడగాలంటాం. షెడ్యూల్డు ప్రాంతాల్లో 1996 పెసా చట్టం మత్తు పానీయాల మీద గ్రామసభకు అధికారమిచ్చింది. మన కరువు పల్లెలు ఆ లెక్కలోకి రావు. మహారాష్ట్రలో చూడండి. ఊరి ఆడోళ్లు ఓటు వేస్తారు. ఓటుచీటీ మీద నిలబెట్టిన సీసా ఒకటి, పడుకోబెట్టిన సీసా ఒకటి. మొత్తం ఆడ ఓటర్లలో సగానికి మించి పడుకున్న సీసాకు వేస్తే అంగడి మూయాల్సిందే. చదువు రాకపోయినా వేయగల ఓటు అది. అట్లాంటి నియమం మనకెందుకు రాయరు?

రాసేదాకా చేతిలో ఉన్న పని చేద్దాం. బెల్టు షాపు మీదికి పోతే సీసాలు పగలగొట్టొద్దు. దూబగుంట కాలం వేరు. ఇప్పుడు సీసా మూత దగ్గర హోలోగ్రాం చీటీ ఉంటుంది. స్కాన్ చేస్తే అది ఏ డిపోనుంచి ఏ అంగడికి పోయిందో తెలిసే ఏర్పాటు ఎక్సైజోళ్లే చేసుకున్నారు. ఆ చీటీయే మన సాక్షి. ఖాళీ సీసా అయినా చాలు, చీటీ, లేబులు చినక్కుండా గుడ్డలో చుట్టండి. ఫోన్లో ఫోటో తీయండి. అర్జీలో అమ్మిన అక్క పేరు రాయొద్దు. ఈ సీసా ఏ లైసెన్సుదారుడిదో తేల్చి, కేసు అతని మీద పెట్టమని రాయండి. సుంకులమ్మ గుడికి, అంగడికి మధ్య మనిషి నడిచే దోవ వెంట టేపు పెట్టి కొలిచి ఆ అంకె కూడా వేయండి. గ్రామసభలో తీర్మానం చేయించి జతచేయండి. సర్పంచు సంతకం పెట్టకపోతే, పెట్టలేదనే రాయండి. రాసేది రాకపోతే పొద్దుగూకినాక బడి దగ్గరికి రండి, మేము రాసిస్తాం. సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్సులో అర్జీ ఇచ్చి, రశీదు అడిగి తీసుకోండి.