కష్టార్జితానికి చట్టం కాపలా

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ ఆర్థిక విధానం అనగానే అదేదో ఢిల్లీలో పెద్దవాళ్ళ వ్యవహారం అనుకుంటాం. నిజానికి అది మన ఇంటి బీరువా దాకా వస్తుంది. అమ్మాయి నిఖాకనీ, హజ్ కనీ దాచుకున్న సొమ్ము ఎవరి చేతిలో పెడితే భద్రమో ఆ విధానమే తేలుస్తుంది.

ముందు బ్యాంకు సంగతి. బ్యాంకు మునిగితే ఖాతాదారుని ఆదుకొనే డిపాజిట్ బీమా మన దేశంలో 1962లో మొదలైంది. అప్పటి హామీ 1,500 రూపాయలు. 1993లో లక్ష చేశారు. తరువాత ధరలు ఎంత పెరిగినా 2020 దాకా ఆ లక్ష లక్షగానే ఉండిపోయింది. 2019లో ఒక రిటైరైన గుమాస్తా 4 లక్షలు దాచుకున్న బ్యాంకు కూలిపోయి ఉంటే, బీమా క్రింద వచ్చేది ఒక్క లక్షే! 2020 ఫిబ్రవరి 4 నుంచి ఆ హామీ 5 లక్షలైంది. రిజర్వు బ్యాంకు చెల్లింపులు ఆపించిన బ్యాంకుల్లోనూ ఈ సొమ్ము 90 రోజుల్లో అందాలని 2021లో చట్టం సవరించారు. చూశారా, కాగితం మీద ఒక అంకె మారితే ఒక కుటుంబం నిలబడుతుంది.

ఇక మన బాధ. వడ్డీ హరామ్ కనుక బ్యాంకు గడప తొక్కని కుటుంబాలు మనలో ఉన్నాయి. వారి విశ్వాసాన్ని గౌరవించాలి. కాని ఆ విశ్వాసాన్నే పెట్టుబడిగా చేసుకొని, "ఇది సూద్ కాదు, లాభంలో వాటా" అంటూ వచ్చేవాళ్ళున్నారు. 2019లో బెంగళూరులో ఇలాంటి ఒక సంస్థ కూలిపోతే వేలాది ముస్లిం కుటుంబాలు వీధిన పడ్డాయి. అది బ్యాంకు కాదు గనుక డిపాజిట్ బీమా లేదు. అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ అదే సంవత్సరం పార్లమెంటు చట్టం చేసింది. ఆ చట్టం ఆస్తి జప్తు చేయగలదు, జైల్లో పెట్టగలదు. పోయిన ప్రతి రూపాయీ తిరిగి వస్తుందని మాత్రం ఎవరు చెప్పగలరు? నిజమైన భాగస్వామ్యంలో లాభంతోపాటు నష్టమూ ఉంటుంది. నష్టమే రాదు, నెలనెలా ఇంత ఖాయం అన్నవాణ్ణి అక్కడే అనుమానించాలి.

చిట్టీలూ అంతే. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ముందు అనుమతి పొంది రిజిస్టరు చేయించాలి. చిట్టీ మొత్తానికి సరిపడా హామీ పెట్టాలి. 2019 సవరణ తరువాత నడిపేవారి కమీషను 7 శాతం మించకూడదు. "మన గల్లీ మనిషే గదా" అని నోటిమాట మీద కడితే ఈ రక్షణలేవీ ఉండవు.

అప్పు లావాదేవీలు వ్రాసిపెట్టుకోమనీ, సాక్షుల్ని ఉంచుకోమనీ ఖుర్ఆన్ సూరా బఖరా 282వ ఆయతు మనకు చెబుతున్నది. కనుక రసీదు అడగడం అవతలివాణ్ణి అవమానించడం కాదు.

అమ్మలారా, అక్కలారా! సొమ్ము ఇచ్చేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎక్కడ రిజిస్టరైంది? కాగితం ఏది? మునిగితే ఎవరు ఇస్తారు? వడ్డీ వద్దనుకునేవారికి బ్యాంకులో కరెంటు ఖాతా ఉంది. దానికి వడ్డీ రాదు, బీమా మాత్రం ఉంటుంది. తక్కిన సందేహాలు ఉలమాలను అడగండి.

అల్లాహ్ మన కష్టార్జితంలో బర్కత్ ప్రసాదించుగాక. ఖుదా హాఫిజ్.